చీపురు అనే మాట చచ్చిపోయిన రోజు

సుమేధుడి బాధ ఇంగ్లీషు రాకపోవడం కాదు. వచ్చిన ఇంగ్లీషు సగంలో ఆగిపోవడం.

వాక్యం బాగానే మొదలయ్యేది. నిబ్బరంగా నాలుగడుగులు వేసేది. అయిదో అడుగు దగ్గర కావలసిన మాట దొరికేది కాదు. అంతే, సుమేధుడు చూపుడువేలు పైకెత్తి, ఆకాశంలోకి చూస్తూ నిలబడిపోయేవాడు, రైలుగేటు పడ్డచోట బస్సు నిలబడ్డట్టు. మాట వచ్చేదాకా ఆ వేలు దిగేది కాదు.

శ్రీకాకుళం దాటి సముద్రం వైపు పోతే ఒక చిన్న కొండ వస్తుంది. కొండ మీద పాతకాలపు ఇటుకల స్తూపం, దాని పక్కన రేకుల కప్పుతో ఒక బౌద్ధ విహారం. అక్కడ ఉండేది ముగ్గురే. పెద్ద భిక్షువు రేవత భంతే, ఆయన శిష్యుడు సుమేధుడు, పొద్దున వచ్చి వంటచేసి సాయంత్రం కొండ దిగిపోయే దాలమ్మ. స్తూపం చూడటానికి దేశదేశాల నుంచి మనుషులు వచ్చేవారు. వాళ్లతో మాట్లాడే పని సుమేధుడిది.

ఆ పని భంతే పెట్టింది కాదు. సుమేధుడే అడిగి తీసుకున్నాడు. అతని దగ్గర నాలుగు వందల పేజీల నోటుబుక్కు ఉంది. దాన్నిండా ఇంగ్లీషు మాటలు, ఎదురుగా తెలుగు అర్థాలు. రోజుకి ఇరవై మాటలు తెల్లారేసరికి వల్లించేవాడు. గవదబిళ్లల్ని ఏమంటారో అతనికి తెలుసు. గొళ్లేన్ని ఏమంటారో తెలుసు. అవసరమైనప్పుడు మాత్రం అవేవీ వచ్చేవి కావు. స్తూపం ముందు నిలబడి వెతుక్కుంటుంటే గవదబిళ్లలే వచ్చేవి.

రేవత భంతే సంగతి వేరు. ఆయన పడుచుతనంలో సింహళంలోనూ బర్మాలోనూ ఏళ్లతరబడి తిరిగినవాడు. ఆయనకి ఇంగ్లీషు మాటలు ఓ అరవై వచ్చు. అందులో సగం పని ‘గుడ్’ ఒక్కటే చేసిపెట్టేది.

ఒకసారి కెనడా నుంచి ఒక జంట వచ్చింది. సుమేధుడు స్తూపం ముందు నిలబడి మొదలుపెట్టాడు.

“ఇన్‌సైడ్ దిస్ స్తూప, దేర్ ఈజ్ ఎ హోలీ...”

ధాతువు అని చెప్పాలి. స్తూపం కడుపులో పూర్వం ఒక మహాత్ముడి అస్థిక దాచారని చెప్పాలి. ఆ మాట నోటుబుక్కులో నూటపన్నెండో పేజీలో, కుడివైపు, పైనుంచి మూడో వరసలో ఉంది. అంతవరకూ గుర్తొచ్చింది. మాట గుర్తురాలేదు. వేలు పైకి లేచింది.

ఆ జంట కాసేపు అతని మొహం చూశారు. కాసేపు అతను చూస్తున్న ఆకాశం చూశారు. తర్వాత ఒకళ్లకొకళ్లు తలాడించుకుని, నేలమీద కూర్చుని కళ్లు మూసుకున్నారు.

పదకొండు నిమిషాలు గడిచాయి. చేతిలో నీళ్లచెంబుతో అటుగా పోతున్న రేవత భంతే ఆగాడు. ముగ్గుర్నీ చూశాడు.

“ఇన్‌సైడ్, స్మాల్ బోన్,” అన్నాడు స్తూపాన్ని చూపించి. “వెరీ బిగ్ మేన్. నౌ కమ్, టీ.”

ఆ జంట కళ్లు తెరిచారు. స్తూపం వైపు చూసి, “ఆహ్!” అని చేతులు జోడించారు. తర్వాత టీ తాగారు. వెళ్లేముందు సందర్శకుల పుస్తకంలో, ఈ విహారంలోని యువభిక్షువు మౌనం ద్వారా చేసే బోధ మరెక్కడా దొరకదని రాసి సంతకం పెట్టారు.

సుమేధుడు అది చదివి చెవులదాకా ఎర్రబడ్డాడు.

“భంతే, మీరు చెప్పిన ఇంగ్లీషు తప్పు,” అన్నాడు.

“అలాగా! వాళ్లకి తెలిసిందే?”

“తెలిసింది. కానీ తప్పు.”

“సరే. ఈసారి వచ్చినవాళ్లకి తెలియకపోయినా ఒప్పుగా చెబుదాం,” అని భంతే చెంబు తీసుకుని వెళ్లిపోయాడు.

సుమేధుడికి కోపమొచ్చింది. గురువు మీద కోపం రాకూడదు కాబట్టి ఆ వేళ ఇరవై మాటలకి బదులు నలభై వల్లించాడు.

మాఘమాసంలో కారిన్ అనే ఆవిడ వచ్చింది. డెన్మార్కు దేశస్థురాలు. మగ్గం మీద శాలువాలు నేసి బతుకుతుంది. ఏ రంగు కనబడినా ముట్టుకుని చూడటం ఆవిడ అలవాటు. స్తూపం ఇటుకల్ని నిమిరింది. దాలమ్మ చీర అంచు పట్టుకుని చూసింది. దాలమ్మ సిగ్గుపడి, “ఏటమ్మా, పాతసీర!” అంది.

స్తూపం వెనక రాళ్లమీదికి ఒక తీగ పాకి ఉంది. దానికి గుత్తులు గుత్తులుగా కాయలు. ఒక్కొక్కటీ చిటికెనవేలంత. ఒళ్లంతా బంగారురంగు నూగు. ఎండపడితే మఖమలు ముక్కలు వేలాడదీసినట్టు మెరుస్తాయి. ఆ చుట్టుపక్కల పశువులు కాసేవాళ్లు కూడా ఆ తీగకి పదిగజాల దూరంలో నడుస్తారు. అది దూలగొండి. ఆ నూగు ఒంటికి తగిలితే ఇక చెప్పేదేమీ ఉండదు, గోకడమే.

“ఓ, బ్యూటిఫుల్!” అంటూ కారిన్ ముందుకి వంగింది.

సుమేధుడు పది అడుగుల వెనక ఉన్నాడు. 

“మేడమ్! వెయిట్! దట్ ఈజ్... దట్ ఈజ్...”

దూలగొండిని ఇంగ్లీషులో ఏమంటారు? వేలు పైకి లేచింది. కళ్లు ఆకాశంలోకి పోయాయి. దురద అనే మాట కూడా నోటుబుక్కులో ఉంది, కానీ అతను దురదని వెతకడం లేదు, దూలగొండిని వెతుకుతున్నాడు. సరైన మాట ఉండగా మరో మాటతో సరిపెట్టడం అతనికి చేతకాదు.

కారిన్ మర్యాదస్తురాలు. వెయిట్ అన్నాడు కదా అని ఒక క్షణం ఆగింది. అతనింకేమీ అనకపోయేసరికి గుత్తిని కోసి, అరచేతిలో పెట్టుకుని నిమిరి, మెత్తదనం చూద్దామని చెంపకి ఆనించుకుంది.

ఆ తర్వాత ఆవిడ స్తూపం చుట్టూ మూడుసార్లు తిరిగింది. అది ప్రదక్షిణ కాదు. డేనిష్ భాషలో ఏమేమో అంటూ తిరిగింది. ఆ భాష ఒక్క ముక్క రాని దాలమ్మకి కూడా అది తిట్టని తెలిసింది. ఆవుపేడ గంపతో పరిగెత్తుకొచ్చింది. రేవత భంతే ఎదురెళ్లి రెండు చేతులూ చాపి ఆవిడని ఆపాడు.

“నో స్క్రాచ్,” అన్నాడు. “సిట్. కౌ... గుడ్.”

కారిన్ గంపలోకి చూసింది. భంతే మొహంలోకి చూసింది. కూర్చుంది. దాలమ్మ ఆవిడ చెంపలకి, మెడకి, మోచేతులదాకా పేడ పట్టించింది. అది ఎండి, నూగుతో సహా ఊడిరావాలి. అందాకా కారిన్ ఎండలో కదలకుండా కూర్చోవాలి.

సుమేధుడు తల వంచుకుని ఓ పక్కన నిలబడ్డాడు. భంతే అతని దగ్గరికొచ్చాడు.

“ఇందాక వేలెత్తి నిలబడ్డావే, ఏం వెతికావు?”

“దూలగొండికి ఇంగ్లీషు మాట, భంతే.”

“దొరికిందా?”

“లేదు.”

భంతే ఎండలో కూర్చున్న కారిన్ వైపు చూశాడు.

“ఆవిడకి దొరికింది,” అన్నాడు.

మధ్యాహ్నం దాటితే భిక్షువులు తినరు కాబట్టి ఆ రాత్రి సుమేధుడు అన్నం ఎలాగూ ముట్టడు, నోటుబుక్కు కూడా ముట్టలేదు. మర్నాడు తెల్లవారగానే గురువు ముందు కూర్చున్నాడు.

“భంతే, నన్ను ఈ పని నుంచి తప్పించండి. నాకు మాటలు చాలవు.”

“ఎన్ని ఉన్నాయి?”

“ఎనిమిది వేల పైన.”

భంతే కొంచెంసేపు ఆలోచించాడు. “ఎక్కువయ్యాయి,” అన్నాడు. “తగ్గిద్దాం. ఇవాళ చీపురు అనే మాట చచ్చిపోయింది.”

“ఇంగ్లీషులోనా, భంతే?”

“తెలుగులో. దానికి తద్దినం కూడా అయిపోయింది. నీ నోట రాకూడదు. ఇక వెళ్లి ముంగిలి ఊడ్చు.”

సుమేధుడు ముంగిట్లోకి వచ్చాడు. చీపురు లేదు. రోజూ ఉండే మూలలో లేదు. అది దాలమ్మ దగ్గర, వంటింట్లో ఉంది. ఆవిడ పొయ్యి రాజేస్తూంది.

“దాలమ్మా,” అన్నాడు. “నాకు అది కావాలి.”

“ఏది సాములోరూ?”

సుమేధుడి వేలు లేచింది. కళ్లు పైకి పోయాయి. వంటింటి రేకుల కప్పులో ఒక బొక్క తప్ప అక్కడేమీ లేదు. చాలాసేపటికి ఒక మాట దొరికింది. బాగుందనిపించింది.

“నేలని దువ్వేది,” అన్నాడు.

దాలమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టి అతని వైపు తేరిపార చూసింది. మెల్లగా లేచి, గూట్లోంచి తన సొంత దువ్వెన తీసి, కొంగుతో తుడిచి, అతని చేతిలో పెట్టింది.

“బోడిగుండుకి దువ్వెనేటి సాములోరూ,” అంది గొంతు తగ్గించి. “ఒంట్లో బాగునేదా?”

సుమేధుడు దువ్వెనతో ముంగిట్లోకి వచ్చాడు. అరుగుమీద భంతే ఉన్నాడు. దువ్వెన చూశాడు.

“ఊడ్చెయ్,” అన్నాడు.

“భంతే, ఆవిడకి అర్థం కాలేదు.”

“నువ్వు చెప్పేటప్పుడు ఎటు చూశావు?”

సుమేధుడు దువ్వెనని అటూ ఇటూ తిప్పాడు. కప్పు వైపు చూశానని చెప్పడానికి సిగ్గేసింది.

“దాలమ్మ పొయ్యి దగ్గర ఉంటుంది,” అన్నాడు భంతే. “అక్కడ చూడు.”

మళ్లీ వెళ్లాడు. ఈసారి దాలమ్మ మొహంలోకే చూస్తూ, “పొద్దున్నే నువ్వు మీ ఇంటిముందు ఏం చేస్తావు?” అన్నాడు.

“కళ్లాపి జల్లుతాను.”

“దానికి ముందు?”

“ఊడుత్తాను.”

“దేంతో?”

“ఓలమ్మ! సీపురా? ఆ ముక్క సెప్పడానికి ఇంత తిరనాలా?” అని మూలనున్న చీపురు తీసి చేతికిచ్చింది దాలమ్మ. ఇచ్చి, దువ్వెన లాక్కుంది.

రెండోరోజు తాళంచెవి చచ్చిపోయింది. ధ్యానమందిరం తలుపు తాళం వేసి ఉంది. చెవి దాలమ్మ కొంగుకి కట్టి ఉంది. తలుపు నోరు తెరిపించేది కావాలని సుమేధుడు అడిగాడు. దాలమ్మ గునపం తెచ్చింది. అతను ఆవిడ మొహం చూసి, తన తప్పు అక్కడే చదువుకుని, మాట మార్చాడు. చిన్నది, ఇనపది, నీ కొంగులో ఉంది, గుచ్చి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. చెవి చేతికొచ్చింది. మూడోరోజు అగ్గిపెట్టె పోయింది. నాలుగోరోజు గొడుగు. ఆ వారంలో విహారంలో సామాన్ల కన్నా శవాలు ఎక్కువయ్యాయి. అయినా పనులేవీ ఆగలేదు. దాలమ్మ కూడా ఈ ఆట మరిగింది. కొండ దిగి ఇంటికి పోయాక కూడా కోడలితో, “ఆకాశానికీ నెత్తికీ మజ్జినుండేదేటో సెప్పు,” అనడం మొదలుపెట్టింది. కోడలు చెప్పలేకపోతే ఆవిడకి ఆ పూట మహదానందం.

కారిన్ ఇంకా వెళ్లలేదు. ఒళ్లు చల్లబడేదాకా ఉంటానని, కొండకింద ఊళ్లో గది తీసుకుని రోజూ వచ్చి అరుగుమీద కూర్చునేది. సుమేధుడు ఆవిడకి దూరంగా మసిలేవాడు.

ఒక సాయంత్రం భంతే అడిగాడు. “నీకు ఇంగ్లీషు మీద ఇంత పట్టుదల ఎందుకు?”

సుమేధుడు చెప్పాడు. ఇక్కడికి రాకముందు అతని పేరు జోగారావు. విశాఖపట్నంలో ఒక హోటల్లో ఉద్యోగానికి వెళ్లాడు. బల్లవెనక ముగ్గురు కూర్చున్నారు. మీ నాన్నగారు ఏం చేస్తారని ఇంగ్లీషులో అడిగారు. తండ్రి కల్లు గీస్తాడు. కల్లుగీతకి ఇంగ్లీషు ఏమిటో అతనికి తెలియదు. ఆకాశం లేదు కాబట్టి తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఆ ముగ్గురూ ఒకళ్లనొకళ్లు చూసుకుని, అయ్యో, అయామ్ సారీ అన్నారు. తండ్రి పోయాడనుకున్నారు. ఒకాయన లేచొచ్చి భుజం తట్టి మంచినీళ్లిచ్చాడు. ఉద్యోగం ఇవ్వలేదు.

“ఇంటికెళ్తే మా నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, భంతే. వచ్చిందేట్రా ఉద్యోగం, అన్నాడు. ఆయన్ని చంపేసి వచ్చానని ఎలా చెప్పను?”

భంతే నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఆయన కాస్త కష్టపడ్డట్టు కనబడింది.

“మీ నాన్న ఏం చేస్తాడు?” అన్నాడు.

“చెప్పాను కదా, భంతే. కల్లు...”

“ఆ మాట ఇందాకే పోయింది.”

సుమేధుడు ఊపిరి తీసుకున్నాడు. అలవాటుగా తల పైకి లేవబోయింది. ఆపుకున్నాడు. గురువు కళ్లలోకి చూశాడు.

“పొద్దున్నే తాటిచెట్టు ఎక్కుతాడు. పైన కుండ కట్టి వస్తాడు. సాయంత్రం మళ్లీ ఎక్కి దించుతాడు. అప్పటికి అది నిండుతుంది. ఊళ్లోవాళ్లు వచ్చి తాగుతారు.”

“తాగితే?”

“పాడతారు.”

“ఇప్పుడు ఇదే ఇంగ్లీషులో.”

సుమేధుడు ఆగాడు. కానీ వేలు లేవలేదు.

“మై ఫాదర్ క్లైంబ్స్ టాల్ ట్రీస్,” అన్నాడు మెల్లగా. “హీ టైస్ పాట్స్ ఆన్ టాప్. ది ట్రీ గివ్స్ డ్రింక్. ఈవెనింగ్, హీ బ్రింగ్స్ డౌన్. దెన్...” ఒక్క క్షణం తడబడి, “దెన్, హోల్ విలేజ్ సింగింగ్!”

అరుగు చివర్నుంచి చప్పట్లు వినిపించాయి. కారిన్ లేచి నిలబడి ఉంది. చెంపమీద ఎర్రమచ్చలు ఇంకా పోలేదు.

“ఈజ్ హీ అలైవ్?” అని అడిగింది.

“యెస్!” అన్నాడు సుమేధుడు. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, వంటింట్లోంచి దాలమ్మ తొంగిచూసింది. “వెరీ అలైవ్!”

“ఐ వాంట్ టు మీట్ హిమ్,” అంది కారిన్.

నిజంగానే వెళ్లి చూసొచ్చింది. తిరిగొచ్చాక ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు కానీ, రెండు రోజులపాటు ఏదో కూనిరాగం తీస్తూ తిరిగింది. అది డేనిష్ పాట కాదు.

కారిన్ వెళ్లిపోయాక సుమేధుడికి కొత్త జబ్బు పట్టుకుంది. దారి తెలిసింది కదా, ఇక అన్నిటికీ చుట్టుదారే. వచ్చినవాళ్లకి టీ ఇస్తూ, ఇది కొండల్లో ఆకు, వేడినీళ్లలో స్నానం చేసింది అనేవాడు. మెట్లు జాగ్రత్త అనడానికి, రాళ్లు ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కాయి, మీ పాదాల్ని ప్రేమించండి అనేవాడు. వాళ్లు అబ్బురపడి ఫొటోలు తీసుకునేవారు. అతనికి అది బాగుండేది. నోటుబుక్కు పక్కన పడేసి, తనలో ఏదో ఊట ఉందనుకోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు పుణె నుంచి వచ్చిన ఒక పెద్దాయన కడుపు పట్టుకుని, చెమటలు కక్కుతూ, టాయిలెట్ ఎక్కడని అడిగాడు. సుమేధుడు చిరునవ్వుతో ఇంగ్లీషులో అందుకున్నాడు. మనిషి తన బరువు భూమికి అప్పగించే చిన్న ఇల్లు...

“బ్యాక్ సైడ్! బ్లూ డోర్!” అని అరుగుమీంచి అరిచాడు రేవత భంతే. పెద్దాయన పరుగు తీశాడు.

భంతే దిగివచ్చి శిష్యుడి ముందు నిలబడ్డాడు.

“చచ్చిన మాటకి దారి చూడమన్నాను,” అన్నాడు. “బతికున్నదాన్ని ఎందుకు చంపుతున్నావు?”

 మర్నాటి నుంచి సుమేధుడు టీని టీ అనే ఇచ్చాడు.

వానాకాలం మొదట్లో జపాన్ నుంచి నిషిమురా అనే ఆయన వచ్చాడు. డెబ్బై ఏళ్లు దాటినవాడు. ఉద్యోగకాలమంతా రైళ్లు నడిపాడు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో గుడ్డటోపీ. ఆయనకీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. సుమేధుడితో సమానంగా కూడా రాదు. ఒక మాట చెప్పి, రెండో మాట కోసం జేబులోంచి చిన్న పుస్తకం తీసేవాడు. అందులో దొరక్కపోతే తల వంచి క్షమాపణ అడిగేవాడు.

మూడు రోజులు ఆయన విహారంలోనే ఉన్నాడు. దాలమ్మ పళ్లెంలో అన్నం పెట్టేది. ఆయన రెండు చేతులతో తీసుకునేవాడు, నమస్కరించేవాడు, రెండు మెతుకులు నోట్లో పెట్టుకుని పక్కన పెట్టేసేవాడు.

“నా వంట బాగునేదేటి?” అని దాలమ్మ బాధపడింది. ఒకపూట ఉప్పు తగ్గించింది. ఒకపూట కారం తగ్గించింది. ఒకపూట పెరుగు మాత్రమే పెట్టింది. పళ్లెం అలాగే తిరిగొచ్చింది.

మూడోరోజు పొద్దున ఆయన రేవత భంతే ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. సుమేధుడు పక్కన ఉన్నాడు.

“మై వైఫ్,” అన్నాడు నిషిమురా. పుస్తకం తీయలేదు. ఆ మాట ముందే చూసి పెట్టుకున్నట్టున్నాడు. “లాస్ట్ ఇయర్, ఏప్రిల్. ఫినిష్.”

టోపీ ఒళ్లోకి తీసుకున్నాడు.

“ఆఫ్టర్, రైస్ నో టేస్ట్. స్లీప్ నో. డాక్టర్ గివ్స్ టాబ్లెట్. ఐ టేక్. బట్ ఐ ఆస్క్... వాట్ ఈజ్ దిస్?” అని గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. “వాట్ నేమ్?”

సుమేధుడు అది తెలుగులో చెప్పాడు. రేవత భంతే నిషిమురా మొహంలోకి చాలాసేపు చూశాడు.

“మందులు మానొద్దని చెప్పు. డాక్టరు పని డాక్టరు చేస్తాడు,” అన్నాడు. “పేరు అడిగాడు కాబట్టి, దాన్ని మా భాషలో బెంగ అంటామని చెప్పు.”

మందుల సంగతి సుమేధుడు చెప్పాడు. నిషిమురా తలాడించాడు. ఇంకా చూస్తున్నాడు.

బెంగ. నోటుబుక్కులో దుఃఖం ఉంది. దిగులుకి నాలుగు మాటలున్నాయి. విచారం, చింత, విరహం, అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి చూశాడు. ఒక్కటీ బెంగ కాదు. ఎనిమిది వేల మాటల్లో అది లేదు. సుమేధుడి వేలు ఒళ్లో కదిలింది.

ఎదురుగా ఆ ముసలాయన కొంచెం ముందుకి వంగి, టోపీని రెండు చేతులతో పట్టుకుని, ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాడు. సుమేధుడు ఆయన్నే చూశాడు.

“వన్ కాఫ్,” అన్నాడు.

నిషిమురాకి తెలియలేదు.

“కౌ. బేబీ కౌ.”

“ఆ! బేబీ కౌ.”

“మదర్ కౌ... సోల్డ్. గాన్. బేబీ కౌ ఈజ్ దేర్. నాట్ సిక్. గ్రాస్ ఈజ్ దేర్. వాటర్ ఈజ్ దేర్.” సుమేధుడు తల అడ్డంగా ఊపాడు. “నో ఈట్. ఓన్లీ లుకింగ్ గేట్. మార్నింగ్, లుకింగ్ గేట్. ఈవెనింగ్, లుకింగ్ గేట్.”

అంటూ, తనకి తెలియకుండానే మెడ చాపి వాకిలి వైపు చూశాడు.

నిషిమురా కూడా అటు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. వానకి తడిసిన మెట్లున్నాయి.

“గేట్,” అన్నాడు. “మై హౌస్ ఆల్సో, గేట్.” అయిదు వేళ్లు చూపించాడు. “ఫైవ్ ఓ క్లాక్. షీ కమ్ ఫ్రమ్ మార్కెట్. ఐ... ఎవ్రీ డే, ఫైవ్ ఓ క్లాక్...”

పుస్తకం కోసం జేబులో చెయ్యి పెట్టాడు. తీయలేదు. టోపీతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి.

 కొంతసేపటికి ఆయన లేచి, భంతేకి నమస్కరించి, సుమేధుడికి అంతకన్నా కిందికి వంగి నమస్కరించి, బయటికి వెళ్లి సముద్రం కనబడే వైపు మెట్లమీద కూర్చున్నాడు. దాలమ్మ అన్నం పళ్లెం తీసుకెళ్లి పక్కన పెట్టి, నిశ్శబ్దంగా వచ్చేసింది. ఆయన పళ్లెం వైపు చూడలేదు.

లోపల సుమేధుడు గురువు వైపు తిరిగాడు.

“నాకు మాట దొరకలేదు, భంతే. బెంగకి ఇంగ్లీషు లేదు. ఏదో దూడ గురించి చెప్పాను.”

“వింటూనే ఉన్నాను. ఎవరిది ఆ దూడ?”

“మా ఇంట్లోదే. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న ఆవుని సంతలో అమ్మేశాడు.”

“తర్వాత మేత తిందా?”

“రెండు రోజులు తినలేదు, భంతే. మూడోరోజు మా అమ్మ గడ్డి పట్టుకెళ్లి దాని పక్కనే కూర్చుంది. ఏమీ అనలేదు, ఊరికే కూర్చుంది. చాలాసేపటికి అదే ఒక పరక లాక్కుంది.”

రేవత భంతే మెట్ల వైపు చూశాడు. తర్వాత శిష్యుడి వైపు చూశాడు.

“అయితే నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావు?” అన్నాడు.